మావారు సముద్రం అడుగుకి దిగుతానంటున్నారు, నాకేమో భయం

పశ్చిమగోదావరి జిల్లా నుంచి ఒక టీచరుగారు పెద్ద ఉత్తరం రాశారు. పేరూ ఊరూ వద్దన్నారు. ఆవిడకి 47 ఏళ్లు, గవర్నమెంటు స్కూల్లో సోషల్ చెబుతారు. భర్తకి 52, ఎరువుల కొట్టు నడుపుతారు. అమ్మాయి ఇంజినీరింగ్ మూడో సంవత్సరం. ఇంట్లో 72 ఏళ్ల అత్తగారు ఉన్నారు, ఆవిడకి మోకాళ్ల నొప్పులు. వచ్చే మాఘమాసానికి వీళ్ల పెళ్లయి 25 ఏళ్లు నిండుతాయి. చీటీ పాడిన డబ్బు చేతిలో ఉంది కదా, సంక్రాంతి సెలవుల్లో అందరం అండమాన్ వెళ్దామని భర్తే మొదట అన్నారట. ట్రావెల్ ఏజెంటు 5 రాత్రుల ప్యాకేజీ చూపించాడు. పోర్ట్ బ్లెయిర్ ఊరు, హావ్‌లాక్, నీల్, బారాటాంగ్ దీవులు అన్నీ అందులోనే, పైగా అందరికీ స్కూబా డైవింగ్ (గాలి సిలిండర్‌తో నీళ్ల అడుగుకి దిగడం) ఉచితం.

చిక్కు అక్కడే మొదలైంది. రెండేళ్ల కిందట ఆయనకి గుండెలో స్టెంట్ వేశారు. బీపీ మాత్రలు, రక్తం పల్చబడే మాత్రలు రోజూ వేసుకుంటారు. డైవింగ్‌కి ముందు ఆరోగ్యం గురించి ఒక ఫారం నింపాలి. ఏజెంటు "అన్నిటికీ 'లేదు' అని టిక్ కొట్టేయండి సార్, అందరూ అంతే" అన్నాడు, ఈయన సరేనన్నారు. ఈవిడ కాదన్నారు. దాంతో ఆయన, "నన్ను రోగిని చేసి మూల కూర్చోబెట్టావు. నీకు నీళ్లంటే భయం, ఆ భయం నా మీద రుద్దుతున్నావు" అన్నారట. అప్పట్నుంచి అవసరమైన మాట తప్ప వేరే మాట లేదు. అమ్మాయి "నాన్న దిగకపోతే నేనూ దిగను" అంటోంది. అత్తగారు ఒక పక్క "పండక్కి ఇంటికి తాళం పెట్టి పోవడమేంటి" అంటూనే, సెల్యులార్ జైలు చూసి చచ్చిపోవాలని ఉందంటున్నారు. ఉత్తరం చివర్లో ఈవిడ ఒక్క వాక్యం రాశారు: "నాకు తాబేళ్లనీ పిట్టల్నీ చూడాలని ఉంది, కానీ ఆ మాట ఎవరూ అడగలేదు." ఆవిడ ప్రశ్నలు మూడు. ఆయన్ని ఆపాలా? ట్రిప్పే మానుకోవాలా? నా భయమే మరీ ఎక్కువైందా?

* * *

మూడో ప్రశ్నతోనే మొదలుపెడతానండి. మిగతా రెండూ దాని మీదే ఆధారపడి ఉన్నాయి.

మీలో రెండు భయాలున్నాయి. మీకు ఈత రాదు, నీళ్లంటే బెదురు. అది మీ సొంత భయం. ఆయన గుండె గురించిన భయం వేరే. అది డాక్టర్లకీ ఉంటుంది, డైవింగ్ నేర్పేవాళ్లకీ ఉంటుంది. మీవారు ఈ రెండింటినీ ఒకే మూట కట్టేశారు. "నీకు నీళ్లంటే భయం" అనేసరికి మీకు జవాబు లేకుండా పోయింది, ఎందుకంటే అది నిజమే కదా. అందుకని ముందు మీరు ఆ మూట విప్పాలి. "అవునండీ, నాకు నీళ్లంటే భయమే, నేను దిగను. మీరు దిగడం గురించి మాత్రం నేను చెప్పను, మీరూ చెప్పొద్దు, డాక్టర్ చెప్తారు" అనండి. వాదనలో సగం అక్కడే చల్లారుతుంది.

ఇక ఆ ఫారం. అండమాన్‌లో పద్ధతిగా నడిచే డైవింగ్ సెంటర్లు ఏవైనా నీళ్లలోకి దింపేముందు ఆరోగ్య ప్రశ్నావళి నింపిస్తాయి. ఉబ్బసం, మూర్ఛ, చెవి ఆపరేషన్, గర్భం లాంటివన్నీ అడుగుతారు. అంతర్జాతీయంగా వాడే ఫారంలో గుండె ఆపరేషన్ల ప్రశ్న దగ్గర స్టెంట్ అనే మాట విడిగా రాసి ఉంటుంది. 45 దాటినవాళ్లని బీపీ, కొలెస్ట్రాల్, పొగతాగడం గురించి ప్రత్యేకంగా అడుగుతారు. వీటిలో దేనికి 'అవును' అని వచ్చినా డాక్టర్ సంతకం ఉంటేనే దింపుతారు. అంటే ఆ ప్రశ్న మీవారి లాంటివాళ్ల కోసమే పెట్టింది. 'లేదు' అని రాస్తే ఆయన మోసం చేసేది సెంటర్‌ని కాదు, నీళ్ల కింద తన సిలిండర్ పట్టుకుని వెంట ఈదే ఇన్‌స్ట్రక్టర్‌ని. ఆయాసం వచ్చినప్పుడు ఇది కంగారో, గుండె ఇబ్బందో తేల్చుకోవాల్సింది అతనే. సగం సంగతి దాచి అతని చేతిలో ప్రాణం పెట్టడం న్యాయం కాదు. తప్పు సమాచారం ఇచ్చాక ఏమైనా జరిగితే ఇన్సూరెన్స్ కూడా చేతులెత్తేస్తుంది. ఏజెంటుకి ఇందులో పోయేదేమీ లేదు, అతను మీతో సముద్రంలోకి రాడు.

అసలు నీళ్ల కింద గుండెకి ఏమవుతుందో మీవారికి తెలిస్తే మంచిది. మెడదాకా నీళ్లలో దిగగానే కాళ్లలోని రక్తం కొంత ఛాతీ వైపు చేరుతుంది. గుండె పని పెరుగుతుంది. బీపీ ఉన్నవాళ్లలో కొందరికి ఆ స్థితిలో ఊపిరితిత్తుల్లోకి నీరు చేరి ఊపిరాడకపోవడం కూడా ఉంది. 10 మీటర్ల లోతుకి వెళ్లేసరికి ఒంటి మీద ఒత్తిడి గట్టు మీద ఉన్నదానికి రెట్టింపు అవుతుంది. ఆ ఒత్తిడిని చెవుల్లో సర్దుకోవడానికి ముక్కు మూసి మెల్లగా గాలి ఊదాలి. సరిగ్గా కుదరకపోతే చెవి లోపల చిన్న చిన్న రక్తనాళాలు చిట్లుతాయి. రక్తం పల్చబడే మాత్రలు వేసుకునేవాళ్లకి ఆ రక్తస్రావం ఎక్కువ కావచ్చు. ప్రవాహం ఎదురైతే కాళ్లు గట్టిగా ఆడించాలి. బీపీ మాత్రల్లో కొన్ని గుండె వేగాన్ని పెరగనివ్వవు, అలాంటప్పుడు త్వరగా అలసట వస్తుంది. రోడ్డు మీదైతే అలిసిపోతే అరుగు మీద కూర్చుంటాం. అక్కడ ఆ వీలు లేదు, ఒక్కసారిగా పైకి దూసుకురావడం ఇంకా ప్రమాదం. మీవారు చిన్నప్పుడు గోదావరి కాలువలో ఎదురీదేవారని రాశారు. ఆ ఈత ఆయనకి ఇప్పటికీ ఆస్తే, దాని గురించి కింద చెప్తాను. కానీ డైవింగ్‌కి కావలసింది ఈత ఒక్కటే కాదు.

ఇంత చెప్పానని ఆయన జన్మలో డైవింగ్ చేయకూడదని అనుకోకండి. స్టెంట్ వేయించుకున్న వాళ్లలో కొందరు డాక్టర్ అనుమతితో మళ్లీ డైవింగ్‌కి వెళ్తారు. స్టెంట్ పడి కొంతకాలం గడిచి ఉండాలి, గుండె బాగా పంప్ చేస్తూ ఉండాలి, ట్రెడ్‌మిల్ పరీక్షలో గట్టి శ్రమ పెట్టినా మార్పులు కనబడకూడదు. ఇవన్నీ చూసి చెప్పాల్సింది ఆయన కార్డియాలజిస్టు. కాబట్టి ఆయన్ని ఆపొద్దు, డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి. ఖాళీ ఫారం ముందే తెప్పించుకుని, ప్రింటు తీసి పట్టుకెళ్లండి. "డైవింగ్ చేయొచ్చా" అని ఊరికే అడిగితే ఏ డాక్టరైనా "ఎందుకండీ ఈ వయసులో" అని తోసేస్తారు. "ఇన్‌స్ట్రక్టర్ పక్కనే ఉంటాడు, లోతు 12 మీటర్లు దాటదు, అరగంటలోపు. ఈయన గుండెకి, ఈ మాత్రలకి ఇది సరిపడుతుందా? ట్రెడ్‌మిల్ చేసి చెప్పండి" అని అడగండి. మాట్లాడేది మీవారే కావాలి, మీరు పక్కన ఉండండి చాలు. "నన్ను రోగిని చేశావు" అన్న మనిషి, తన సంగతి తనే అడిగి తెలుసుకుంటే ఆ మాట మళ్లీ అనరు.

డాక్టర్ సరేనంటే, సంతకం పెట్టిన కాగితం చేతిలో ఉంటుంది, ఫారంలో నిజం రాస్తారు, మీరు గట్టు మీద గుండెలు చిక్కబట్టుకుని కూర్చోనక్కర్లేదు. అయినా అక్కడి సెంటరువాళ్లు వద్దనవచ్చు, ఆ హక్కు వాళ్లకుంది. అందుకే బుక్ చేసేముందే వాళ్లకి విషయం చెప్పి మాట తీసుకోండి.

కాదంటే ఏం చేయాలో కూడా ముందే అనుకోండి. అక్కడికెళ్లాక ఆయన ముఖం చిన్నబుచ్చుకుని గట్టు మీద కూర్చుంటే ట్రిప్పంతా అదే గుర్తుంటుంది. పైపైన ఈదుతూ అద్దంలోంచి కిందకి చూసే స్నోర్కెలింగ్ ఉంది. ఒంటికి లైఫ్ జాకెట్, పట్టుకోవడానికి రింగు, పక్కన గైడు, అలలు లేని పొద్దుటి పూట. కాలువలో ఈదిన మనిషికి నీళ్ల మీద తేలడం కొత్త కాదు, కంగారు పడరు. హావ్‌లాక్‌లో ఎలిఫెంట్ బీచ్ దగ్గర లోతులేని నీళ్లలోనే పగడాలూ చేపలూ కనబడతాయి. అయితే ఇదీ శ్రమే, నీళ్లలో దిగడమే. డాక్టర్ని దీని గురించి కూడా విడిగా అడగండి. 'సీ వాక్' అని తలకి పెద్ద హెల్మెట్ పెట్టి సముద్రం అడుగున నడిపిస్తారు. అది ఈత రానివాళ్లకి కూడా సులువని ఏజెంట్లు అమ్ముతారు. కానీ అక్కడా ఒత్తిడి ఉంటుంది, చెవులు సర్దుకోవాల్సిందే, గుండె జబ్బు ప్రశ్న అక్కడా ఉండాల్సిందే. డైవింగ్ వద్దంటే ఇది చేద్దాంలే అని ఆయన పక్కదారి పట్టకుండా చూడండి. ఒళ్లు తడవకుండా చూడాలంటే నీల్‌లో భరత్‌పూర్ బీచ్ దగ్గర అడుగున అద్దం బిగించిన పడవలున్నాయి. వాటిలో మీరూ అత్తయ్యగారూ కూడా కూర్చోవచ్చు, ఎక్కేటప్పుడు మోకాళ్ల దగ్గర మాత్రం ఎవరైనా చెయ్యి పట్టుకోవాలి.

అమ్మాయి సంగతికి వస్తాను. "నాన్న దిగకపోతే నేనూ దిగను" అనడం ప్రేమతోనే, కానీ ఆ మాట వల్ల నాన్న మీద బరువు పెరుగుతోంది. ఆయన దొంగ టిక్ పెట్టడానికి సిద్ధపడటంలో కూతురి సరదా పాడవుతుందన్న దిగులు కూడా ఉందేమో ఆలోచించండి. తనతో మీరు కాదు, వాళ్ల నాన్నే మాట్లాడాలి. "నువ్వు దిగి చూసొచ్చి నాకు చెప్పు" అని ఆయన నోటితో అంటే తను ధైర్యంగా దిగుతుంది. తనకి రెండు దారులున్నాయి. ఒక్కసారి రుచి చూపించే డైవ్‌కి ఈత రావాల్సిన అవసరం లేదు. ముందు నడుములోతు నీళ్లలో అరగంటసేపు నేర్పుతారు. నోట్లో గాలి అందించే రెగ్యులేటర్ జారితే మళ్లీ ఎలా అందుకోవాలి, మాస్క్‌లోకి నీళ్లొస్తే ముక్కుతో గాలి వదిలి ఎలా బయటికి పంపాలి, చెవి నొప్పిగా ఉందని చేత్తో ఎలా సైగ చేయాలి. అవి కుదిరాకే లోపలికి తీసుకెళ్తారు. ఇక్కడ తొందరపెట్టే సెంటర్ అయితే వెనక్కి వచ్చేయమనండి. రెండో దారి 'ఓపెన్ వాటర్' కోర్సు. మూడు నాలుగు రోజులు పడుతుంది, 18 మీటర్ల దాకా దిగే సర్టిఫికెట్ వస్తుంది, ప్రపంచంలో ఎక్కడైనా పనికొస్తుంది. దానికి 200 మీటర్లు ఆగకుండా ఈదాలి, 10 నిమిషాలు తేలి ఉండాలి. తనకి ఈత ఎంతవరకు వచ్చో మీరు రాయలేదు. ఈ కోర్సు పెట్టుకుంటే హావ్‌లాక్‌లో ఆ మూడు రోజులూ తను మీతో ఉండదు, అది మీ అందరికీ సమ్మతమేనా చూసుకోండి. పెళ్లిరోజు ట్రిప్పుకి నాకైతే మొదటిదే సరిపోతుందనిపిస్తోంది. ఏదైనా సరే, జలుబుతో ముక్కు దిబ్బడేసి ఉంటే ఆ రోజు దిగొద్దు.

ఇప్పుడు ప్యాకేజీ. చెప్పాలంటే మీ గొడవకి సగం కారణం అదే. నాలుగు రకాల మనుషులతో అన్నీ చేయించాలని చూస్తోంది, అదీ 5 రాత్రుల్లో. బారాటాంగ్ తీసేయమని గట్టిగా చెప్తాను. పోర్ట్ బ్లెయిర్ నుంచి 100 కిలోమీటర్లు, కాన్వాయ్ (గుంపుగా వదిలే బండ్ల వరస) అందుకోవాలంటే తెల్లవారుజామున చీకట్లోనే లేవాలి. ఆ తర్వాత పడవ, పైన కిలోమీటరుకి మించి నడక, తర్వాత సున్నపురాతి గుహలు. అత్తయ్యగారి మోకాళ్లకి అది శిక్ష. అంతకన్నా పెద్ద కారణం, ఆ రోడ్డు జరవా ఆదివాసుల అడవి గుండా పోతుంది. అక్కడ బండి ఆపకూడదు, ఫొటో తీయకూడదు, ఏమీ ఇవ్వకూడదు. 1956 నాటి రెగ్యులేషన్ కింద ఆ ప్రాంతానికి రక్షణ ఉంది. అయినా ఆ మనుషుల్ని చూడొచ్చన్న ఆశతోనే చాలామంది ఆ బండెక్కుతారు. సోషల్ చెప్పే మీకు ఇంతకన్నా వివరించక్కర్లేదు. బ్రోషర్‌లో సముద్రంలో ఈదే ఏనుగు ఫొటో ఉందన్నారు, అమ్మాయి దానికోసం ఎదురుచూస్తోందన్నారు. అలా పేరుపడ్డ రాజన్ అనే ఏనుగు 2016లోనే చనిపోయింది. ఏజెంటు ఆ ఫొటో ఇంకా పెట్టి అమ్ముతున్నాడంటే, మిగతా మాటల్ని కూడా ఒకటికి రెండుసార్లు చూసుకోండి.

రోజులు ఎలా పంచుకోవాలన్నది మీ ఇంట్లో తేలాల్సిందే కానీ, నా ఆలోచన చెప్తాను. 7 రాత్రులు పెట్టుకుని, నీల్ ఉండాలా వద్దా అన్నది అక్కడి ఓపికని బట్టి చూసుకోండి. మొదట పోర్ట్ బ్లెయిర్‌లో రెండు రాత్రులు, అవి అత్తయ్యగారివి. సెల్యులార్ జైలు 1906లో పూర్తయింది, నక్షత్రం ఆకారంలో కట్టిన ఏడు భాగాల్లో ఇప్పుడు మిగిలినవి మూడే. పై అంతస్తులు ఎక్కకపోయినా కింది వరుస గదులు, ఉరికంబం, ఖైదీల చేత నూనె ఆడించిన గానుగ చూడొచ్చు. అల్లూరి సీతారామరాజు అనుచరుడు గాం మల్లుదొర శిక్ష అనుభవించింది అండమాన్‌లోనే, తర్వాత 1952లో ఆయన లోక్‌సభకి ఎన్నికయ్యారు. అత్తయ్యగారికి వెళ్లేముందు ఆయన కథ చెప్పండి, ఆవిడ చూపు మారుతుంది. ఎదురుగా ఉన్న రాస్ దీవికి చిన్న పడవలో వెళ్లాలి. కూలిన బంగ్లాల గోడల్ని చెట్ల వేళ్లు పట్టుకుని ఉంటాయి, బ్రిటిషువాళ్లు తెచ్చి వదిలిన చుక్కల దుప్పులు మనుషుల మధ్యే తిరుగుతాయి. ఆవిడకి ఇంకో ఊరట, పోర్ట్ బ్లెయిర్‌లో శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి వెళ్లి స్థిరపడ్డ తెలుగువాళ్లు చాలామంది. బజార్లో తెలుగు వినబడుతుంది.

తర్వాత హావ్‌లాక్‌లో మూడు రాత్రులు. అవి అమ్మాయివీ ఆయనవీ. డైవ్ రోజున ఉదయం వాళ్లిద్దరూ వెళ్లనివ్వండి. ఆయన దిగినా దిగకపోయినా పడవలో వెళ్లొచ్చు. మీరు వెంట ఉండొద్దు. మీరు గట్టు మీద చెయ్యి నలుపుకుంటూ నిలబడితే వాళ్లిద్దరి దృష్టీ మీ మీదే ఉంటుంది. ఆ పూట మీరూ అత్తయ్యగారూ గదిలోనో, రాధానగర్ బీచ్ నీడలోనో ఉండండి. రాధానగర్ తెల్లని ఇసుక, పొడవైన తీరం, చూసి తీరాలి. కానీ అక్కడ ఒక జాగ్రత్త ఉంది. 2010లో ఆ బీచ్ పక్కనే ఉన్న నీల్స్ కోవ్‌లో స్నోర్కెలింగ్ చేస్తున్న ఒక అమెరికన్ యువతిని ఉప్పునీటి మొసలి చంపేసింది. అండమాన్ మడ అడవుల్లో ఈ మొసళ్లు సహజంగానే ఉంటాయి. లైఫ్‌గార్డులు ఉన్నచోటే, బోర్డు అనుమతించిన చోటే దిగాలి, వాగు సముద్రంలో కలిసే మూలకి పోకూడదు, చీకటి పడ్డాక అసలు దిగకూడదు. చీకటి అక్కడ త్వరగా పడుతుంది. మన గడియారమే అయినా దీవులు బాగా తూర్పున ఉన్నాయి కాబట్టి చలికాలంలో సాయంత్రం ఐదు, ఐదున్నరకే సూర్యుడు పోతాడు. సాయంత్రం ఆరింటికి బీచ్ అని ఏజెంటు రాసి ఉంటే కొట్టేయండి.

చివరి రెండు రాత్రులు మళ్లీ పోర్ట్ బ్లెయిర్. ఇవి మీవి, ఇంకో పని కూడా చేస్తాయి. డైవింగ్ చేశాక వెంటనే విమానం ఎక్కకూడదు. ఒక్క డైవ్ అయితే 12 గంటలు, అంతకన్నా ఎక్కువైతే 18 గంటలు ఆగాలి. ఒంట్లో కరిగిన నైట్రోజన్ మెల్లగా పోవాలి, పైకెళ్లి గాలి పీడనం తగ్గితే అది బుడగలు కడుతుంది. ఓడలో రావడానికి ఇబ్బంది లేదు. రెండో సంగతి వాతావరణం. 2016 డిసెంబరులో వాయుగుండం వచ్చి ఓడలు ఆగిపోయి హావ్‌లాక్, నీల్‌లలో పర్యాటకులు వందల సంఖ్యలో చిక్కుకుపోయారు, నౌకాదళం వెళ్లి తీసుకురావాల్సి వచ్చింది. విమానం ఉన్న రోజు పొద్దున్నే హావ్‌లాక్ నుంచి ఓడలో వచ్చి అందుకుంటాంలే అనే ప్లాన్ ఎప్పుడూ వేసుకోవద్దు.

ఇక మీ పిట్టలు. పోర్ట్ బ్లెయిర్‌కి దాదాపు 25 కిలోమీటర్ల దూరంలో చిడియా టాపు ఉంది. సాయంత్రం సూర్యాస్తమయానికి బస్సుల్లో జనం వస్తారు, మీరు మాత్రం పొద్దున్నే ఆటో మాట్లాడుకుని వెళ్లండి. మన దగ్గర జెముడుకాకి నల్లని ఒంటితో, ఇటుకరంగు రెక్కలతో ఉంటుంది కదా, అక్కడి జెముడుకాకికి ఒళ్లు లేత గోధుమ రంగు. ఒళ్లంతా నల్లగా ఉండి మగదానికి నెత్తి మీద ఎర్రజుట్టు ఉన్న వడ్రంగిపిట్ట కూడా ఆ దీవుల్లోనే ఉంటుంది. ఒక బైనాక్యులర్ కొనుక్కోండి, చీటీ డబ్బులో మీ వాటా అది. వండూరు నుంచి పడవలో వెళ్లే జాలీబాయ్ దీవి 1983లో ఏర్పడ్డ మహాత్మాగాంధీ మెరైన్ నేషనల్ పార్కులో ఉంది. ప్లాస్టిక్ సీసా, సంచి ఏదీ అనుమతించరు, సోమవారం మూసి ఉంటుంది, అటవీశాఖ పర్మిట్ ముందే తీసుకోవాలి. పగడాలు బ్రోషర్‌లో ఉన్నంత రంగుగా ఉంటాయని ఆశపెట్టుకోకండి. 2010లోనూ 2016లోనూ సముద్రం వేడెక్కి చాలా పగడాలు తెల్లబడి చనిపోయాయి. చేపలు మాత్రం కన్నులపండుగే. గవ్వలూ పగడపు ముక్కలూ ఇంటికి తేవద్దని అత్తయ్యగారికి ముందే చెప్పండి. వాటిలో చాలావాటికి వన్యప్రాణి చట్టం రక్షణ ఉంది, ఎయిర్‌పోర్టులో సామాను తనిఖీ చేస్తారు.

తాబేళ్ల విషయంలో మాత్రం మిమ్మల్ని కొంచెం నిరాశపరచాలి. గుడ్లు పెట్టడానికి తాబేళ్లు వచ్చే కాలిపూర్ బీచ్ ఉత్తరాన డిగ్లీపూర్‌లో ఉంది. పోర్ట్ బ్లెయిర్ నుంచి రోడ్డు మీద రోజంతా ప్రయాణం, అదీ ఆ జరవా అడవి రోడ్డే. ఈ నలుగురితో ఈ ట్రిప్పులో కుదరదు. కానీ ఆలివ్ రిడ్లీ తాబేళ్లు మన తీరానికీ వస్తాయి. కాకినాడ దగ్గర హోప్ ఐలాండ్, విశాఖ, బాపట్ల సూర్యలంక, అన్ని చోట్లా జనవరి నుంచి గుడ్లు పెడతాయి. అటవీశాఖవాళ్లు గుడ్లని కాపాడి, పొదిగాక మార్చి, ఏప్రిల్ నెలల్లో పిల్లల్ని సముద్రంలోకి వదులుతారు. ఏ రోజు వదులుతారో కనుక్కుని ఒక ఆదివారం మీరూ ఆయనా వెళ్లి రండి. అరచేతిలో పట్టేంత పిల్ల ఇసుకలో పాక్కుంటూ నీళ్ల దాకా పోవడం చూడ్డానికి అండమాన్ దాకా వెళ్లనక్కర్లేదు.

దీంతో అసలు సమయం గురించి ఒక మాట. సంక్రాంతికే ఎందుకు వెళ్లాలి? అత్తయ్యగారికి పండగ ఇంట్లోనే కావాలి. మీవారి కొట్టుకి జనవరి దాళ్వా (రెండో పంట వరి) నాట్ల సీజను, యూరియా కోసం జనం క్యూ కట్టే రోజులు, ఆయన మనసు అక్కడే ఉంటుంది. ఆ రోజుల్లో విమానం, హోటల్ ధరలు కూడా ఎక్కువే. జనవరికి ఉన్న బలం ఒకటే, ఎండ తక్కువ. ఏప్రిల్ చివరి వారంలో మీకు స్కూలు సెలవులొస్తాయి, కొట్టు ఖాళీగా ఉంటుంది, సముద్రం మామూలుగా ప్రశాంతంగా ఉంటుంది, నీళ్లు తేటగా ఉంటాయి. ఎండ మాత్రం గట్టిగా ఉంటుంది, అత్తయ్యగారిని మధ్యాహ్నం గది కదలనివ్వకూడదు, అమ్మాయి పరీక్షల తేదీలు కూడా చూసుకోవాలి. మే మధ్య దాటనివ్వద్దు, నైరుతి వానలు మొదలైతే ఓడలు ఎప్పుడు ఆగుతాయో తెలియదు. ఏప్రిల్‌కి జరిపితే ట్రెడ్‌మిల్ పరీక్షకీ, రోజూ నడిచి ఒళ్లు సిద్ధం చేసుకోవడానికీ ఆయనకి మూడు నెలలు పైన దొరుకుతాయి. మాఘంలో పెళ్లిరోజు ఇంట్లోనే జరుపుకోండి. జనవరే కావాలని ఆయన పట్టుబడితే, డాక్టర్ దగ్గరికి ఈ వారమే వెళ్లాలి, డైవ్ మాట ఆ తర్వాతే.

అత్తయ్యగారిని వదిలి ముగ్గురే వెళ్లే దారి కూడా ఉంది. ప్రయాణం తేలికవుతుంది, నీల్ కూడా హాయిగా చూడొచ్చు. కానీ జైలు చూడాలన్న ఆవిడ మాట మీవారి మనసులో ఉండిపోతుంది, ఇంట్లో ఆవిడ దగ్గర ఎవర్ని పెట్టాలన్న టెన్షన్‌తో ట్రిప్పంతా ఫోన్లోనే గడుస్తుంది. హావ్‌లాక్ లాంటి చోట సిగ్నల్ కూడా అన్నివేళలా సరిగ్గా ఉండదు. ఆవిడ రాగలరా లేదా అన్నది కూడా డాక్టర్నే అడగండి. ప్రైవేటు ఓడలో హావ్‌లాక్‌కి గంటన్నర నుంచి రెండున్నర గంటలు, అలలుంటే కడుపులో తిప్పుతుంది. వాంతులు రాకుండా వేసుకునే మాత్ర ఆవిడ మందులకీ ఆయన మందులకీ పడుతుందో లేదో కూడా అడిగేయండి.

ఒక చిన్న వరస పాటించండి. ముందు డాక్టర్, తర్వాత డైవింగ్ సెంటర్‌తో నిజం చెప్పి మాట, ఆ తర్వాత విమానం టికెట్లు, చివరికి ఓడ టికెట్లు. ఓడ టికెట్ల మీద స్వరాజ్ ద్వీప్, షహీద్ ద్వీప్ అని ఉంటే కంగారు పడకండి, 2018 నుంచి హావ్‌లాక్, నీల్‌లకి పెట్టిన పేర్లవి. పోర్ట్ బ్లెయిర్‌ని కూడా 2024 నుంచి శ్రీ విజయపురం అంటున్నారు. ఏజెంటుకి అడ్వాన్సు ఇంకా ఇవ్వలేదన్నారు, ఇవ్వకండి. బారాటాంగ్ తీసి, ఖాళీ రోజు పెట్టి, "అందరికీ స్కూబా" అన్నచోట ఎవరు దిగుతారో వాళ్ల పేరే రాసి కొత్త కాగితం ఇమ్మనండి. ఇవ్వనంటే వేరే ఏజెంటుని చూసుకోండి.